భానుశ్రీ డిస్కును కోమలి బతికించిన వారం

కోమలి శ్రీకాళహస్తి బస్టాండు వెనక వీధిలో కంప్యూటర్ రిపేరు షాపు పెట్టిన కొత్తల్లో, వచ్చినవాళ్లంతా లోపలికి తొంగిచూసి "మెకానిక్ యాడికి పోయినాడు మా?" అని అడిగేవాళ్లు. ఆమె చేతిలో స్క్రూడ్రైవర్ కింద పెట్టకుండానే "నేనే మెకానిక్కు. ఏమైందో జెప్పండి" అనేది. ఆర్టీసీ డిపోలో ఎలక్ట్రీషియన్‌గా పనిచేసిన తండ్రి మునస్వామి ఆమెను చిన్నప్పటి నుంచీ పక్కన కూర్చోబెట్టుకుని పాత రేడియోలు విప్పించేవాడు. తిరుపతిలో డిగ్రీ అయ్యాక మద్రాసులో ఒక షాపులో చేరి బోర్డుల పని నేర్చుకుంది. అయ్యే పనైతే అవుతుందని, కానిదైతే కాదని మొహం మీదే చెప్పేది. మధ్యలో నాన్చడం ఆమెకు తెలియదు.

1999 ఏప్రిల్ 26, సోమవారం పొద్దున భానుశ్రీ ఆటోలోంచి సీపీయూని ఒళ్లో పెట్టుకుని దిగింది. ఆమెది దగ్గర్లోనే ఒక డీటీపీ సెంటరు. తాత గోవిందయ్య కలంకారీ పనివాడు. ఆయన గీసిన గుడ్డలు ఊళ్లో ఉండేవి కావు, తడి ఆరీ ఆరకముందే ఎవరో ఒకరు కొనుక్కుపోయేవాళ్లు. అమ్మేముందు ప్రతి గుడ్డకూ ఫొటో తీసి కంప్యూటర్లోకి ఎక్కించడం భానుశ్రీ పెట్టుకున్న అలవాటు. కిందటి వానాకాలం ఇంట్లోకి నీళ్లు వచ్చి ఆ ఫొటోలూ నెగటివ్‌లూ ముద్దయిపోయాయి. ఇక మిగిలింది కంప్యూటర్లో ఉన్నవే.

"అక్కా, స్విచ్చేస్తే ఫ్యాను తిరగతా ఉండాది, తెర మాత్రం నల్లగానే ఉండాది. తిరపతికి ఫోన్ చేస్తే బోర్డు మార్చాల, డిస్కు ఫార్మాట్ కొట్టాల, ఉండేదంతా చెరిగిపోతాది అన్నారు."

"కొట్టనిచ్చినావా?"

"లేదక్కా, నేరుగా నీ కాడికే తెచ్చినాను."

"మంచి పని చేసినావు" అంది కోమలి. గోడమీద క్యాలెండర్ వైపు చూడగానే సంగతి అర్థమైంది. ఈ తారీఖున లేచే వైరస్ ఒకటుందని ఆమె పత్రికలో చదివింది. అది డిస్కు మొదటి భాగాన్ని చెత్తతో నింపుతుంది. బోర్డుమీద కంప్యూటర్‌ను నిద్రలేపే చిన్న చిప్పు ఉంటుంది, కొన్ని బోర్డుల్లో దాన్నీ చెరిపేస్తుంది. భానుశ్రీ పోయిన వారం కొత్త తెలుగు ఫాంట్ల కోసం ఎవరి దగ్గరో సీడీ అరువు తెచ్చుకుంది. వైరస్ దాంట్లోంచే వచ్చింది.

"ఇదే రకం కంప్యూటర్ ఇంకెవరి దగ్గరుండాది?"

"ఏర్పేడులో జిరాక్సు అంగడి ప్రతాపన్న దగ్గర. ఇద్దరం ఒకే చోట కొన్నాం. ఆ సీడీ ఆయన కూడా వేసుకున్నాడు."

కోమలి వెంటనే ఫోను అందుకుంది. "ప్రతాపన్నా, కంప్యూటర్ ఆన్ చేసినావా?"

"యాడమ్మా! పొద్దున్నించీ కరెంటు లేదు."

"కరెంటొచ్చినా ముట్టుకోవద్దు. నేను వస్తా ఉండా."

భానుశ్రీ బోర్డులోంచి చచ్చిన చిప్పును ఊడదీసి సంచిలో వేసుకుని, ఇద్దరూ ఏర్పేడు బస్సెక్కారు. వాళ్లు వెళ్లేసరికి కరెంటు వచ్చింది, ప్రతాప్ మాట నిలబెట్టుకుని కంప్యూటర్‌కు దూరంగా కూర్చున్నాడు. కోమలి తన శుభ్రమైన ఫ్లాపీతో దాన్ని లేపింది. ఆ దారిలో లేపితే డిస్కులోని వైరస్‌కు లేచే అవకాశం ఉండదు. వెతికితే అది దొరికింది, ఒకటి కాదు, సగం ప్రోగ్రాముల్లో కూర్చుని ఉంది. ఆమె దాన్ని తుడిచేస్తుంటే ప్రతాప్ నుదురు తుడుచుకున్నాడు.

"అన్నా, ఇప్పుడు నీ కంప్యూటర్ నడస్తా ఉండంగానే దాంట్లో చిప్పు పెరికి, చెరిగిపోయిన భానుది పెట్టి మళ్లీ రాయాల. ఒప్పుకుంటావా?"

"నడస్తా ఉంటేనా? కాలిపోదా?"

"కాలదు. ఒకసారి లేచినాక దానికి ఆ చిప్పుతో పనుండదు. మద్రాసులో చేసినాను. నా చేతిలో పాడైతే నా షాపులో బోర్డు తెచ్చి నీకు బిగిస్తాను."

ప్రతాప్ ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూశాడు. "సరే, కానీ మా" అన్నాడు.

ముందు మంచి చిప్పులో ఉన్నదంతా ఫ్లాపీలోకి ఎత్తుకుంది. కరెంటు ఆపి, చిప్పు కింద పూలదారం దూర్చి, వదులుగా కూర్చోబెట్టింది. మళ్లీ లేపింది. దారం నిదానంగా పైకి లాగింది. చిప్పు చేతిలోకి వచ్చింది, తెర మీద అక్షరాలు చెక్కుచెదరలేదు. చచ్చిన చిప్పును దాని చోట నొక్కి, ఫ్లాపీలోది దాంట్లోకి రాయించింది. ప్రతాప్ చిప్పును తిరిగి అతని బోర్డులో పెట్టేసి, సాయంత్రానికి షాపుకొచ్చి భానుశ్రీ చిప్పును ఆమె బోర్డులో బిగించింది. భానుశ్రీ కంప్యూటర్‌కు తెర వెలిగింది. డిస్కు మాత్రం ఖాళీగా కనిపిస్తోంది.

"పోయినాయా అక్కా?"

"బొమ్మలు యాడికీ పోలేదు. ఏది యాడుండాదో చెప్పే పట్టిక పోయినాది. దానికి ఇంకో నకలు కొంచెం లోపల ఉంటాది, ఆడిదాకా వైరస్ చేరలేదు."

మరునాడు షాపులో మొదట ఆ డిస్కును ఉన్నదున్నట్టు ఇంకో డిస్కులోకి దింపుకుంది. అసలుదాన్ని బీరువాలో పెట్టి నకలు మీదే పని మొదలుపెట్టింది. డిస్కులో ఏ భాగం ఎక్కడ మొదలవుతుందో ప్రతాప్ డిస్కు చూసి రాసుకొచ్చిన కొలతలు పెడితే డిస్కు తెరుచుకుంది కానీ ఫైళ్ల పేర్లన్నీ పిచ్చి గీతలు. భానుశ్రీ మొహం వాడిపోయింది. కోమలి మాత్రం కుర్చీలో వెనక్కి వాలి, "నీ డిస్కును లోపల సీ, డీ అని రెండు ముక్కలు చేసినారా, ఒకటేనా?" అని అడిగింది.

"ఒకటే. ప్రతాపన్నదే రెండు."

"అట్ల జెప్పు! ఆయన చొక్కా నీకు తొడిగినాను."

నకలు చెరిపి మళ్లీ మొదటి నుంచీ దింపుకుంది. రెండో పట్టిక ఎక్కడ మొదలవుతుందో డిస్కులో గడి తర్వాత గడి వెతుక్కుంటూ పోయింది. మధ్యాహ్నం అన్నం కూడా కీబోర్డు పక్కనే తినింది. పట్టిక దొరికాక దాన్ని తెచ్చి పాడైన దాని మీద పరిచింది. ఈసారి పేర్లు తిన్నగా వచ్చాయి. ప్రోగ్రాముల్లో దాక్కున్న వైరస్‌ను ఏరేసి, బాగుపడని వాటిని కొత్తగా ఎక్కించింది. ఆ తర్వాతే మొదటి బొమ్మ తెరిచింది. ఎర్రటి అంచు, నల్లటి గీత, పట్టాభిషేకం. భానుశ్రీ రెండు చేతులతో ఆమె భుజం పట్టుకుంది.

గోవిందయ్యను పిలిపించారు. పంచె మీద కరక్కాయ రంగు మరకలతో వచ్చి, తెరకు ఆనుకునేంత దగ్గరగా కూర్చున్నాడు. ఎన్నడో అమ్మేసిన గుడ్డలు ఒకదాని వెనక ఒకటి పోతుంటే పెదవులు కదిలాయి. ఒక్కోటి ఎవరికిచ్చాడో చెప్పుకుంటూ పోయాడు. ఒక చోట చెయ్యెత్తాడు.

"ఆపమ్మా ఆడ. ఈ నెమలి మెడ సూడు, ఒంకర పోయినాది. ఆ పొద్దే అనుకుంటిని."

"మాకేం ఒంకర కనపడలేదు తాతా" అంది కోమలి నవ్వుతూ.

"నాకు కనపడతా ఉండాది కదా."

ఆ వారంలోనే కోమలి బొమ్మలన్నిటికీ రెండు సీడీలు చేసింది. ఒకటి భానుశ్రీ ఇంట్లో ఉంచి, రెండోది ప్రతాప్ అంగట్లో దాచమని పంపించింది. సంగతి పాకి నాయుడుపేట నుంచి కూడా సీపీయూలు రావడం మొదలైంది. అప్పటికే ఫార్మాట్ కొట్టించుకుని వచ్చినవాళ్లకు ఎంతవరకు వస్తుందో దాపరికం లేకుండా చెప్పేది. తక్కినవాళ్లతో "పెట్టి పోండి, అవతాది" అనేది. గోవిందయ్య కొత్త గుడ్డ పరుచుకుని అదే నెమలిని మళ్లీ గీస్తున్నాడని భానుశ్రీ వచ్చి చెప్పినప్పుడు, కోమలి ఆ రోజుకు మూడో డిస్కు విప్పుతూ ఉంది.