పదిహేను రోజుల నారు

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, ఆషాఢంలో నన్ను మరిపెడ ప్రాంతానికి మండల వ్యవసాయ అధికారిగా వేశారు. చేరిన వారానికే ఒక పెద్ద నాయకుడి పర్యటన ఖరారైంది. పర్యటనకు ముందు మాకు 'మినిట్ టు మినిట్' అనే కాగితం వస్తుంది. నాయకుడు ఏ నిమిషాన ఎక్కడ ఉండాలో అందులో రాస్తారు. నా వంతు ఒకే పంక్తి: మహిళలతో కలిసి వరినాటు, పది నిమిషాలు.

రోడ్డు పక్కన, కెమెరాలు నిలిచేంత వెడల్పు గట్టున్న పొలం కావాలన్నారు. అలాంటిది అక్కడి లంబాడీ తండాలో కమిలి అవ్వ అరెకరం ఒక్కటే. ఆమె ఏడాది తిండిగింజలన్నీ అందులోంచే రావాలి. నారు పోసి పదిహేను రోజులే అయింది, ఇంకో వారమన్నా ఆగాలని ఆమె చెప్పింది. ఆ సంగతి నాకూ తెలుసు. పై అధికారికి చెప్పడానికి మాత్రం నోరు పెగల్లేదు. ఏం కాదు, నేనున్నానని అవ్వకే నచ్చజెప్పి నారంతా పీకించాను. ఆఫీసరు మాట కదా, నమ్మింది.

ఆడవాళ్లు పొద్దున్నే సగం మడి నాటి ఉంచారు. నాటు వేసేవాళ్లు వెనక్కి నడుస్తారు, నాటింది కళ్ల ముందు మిగులుతుంది. నాయకుడు పంచె ఎగ్గట్టి దిగాడు. వంగడం బాగానే వంగాడు గాని, కెమెరాలు ఎదురుగా ఉన్నాయి. నాలుగు మొక్కలు గుచ్చి, వాటినే తొక్కుకుంటూ ముందుకు నడిచాడు. వెనక ఆయన మనుషులంతా దిగి, ఆడవాళ్లు నాటిన సగాన్నీ, మిగిలిన నారు కట్టలనూ తొక్కేశారు. నేను గట్టు మీద గొడుగు పట్టుకుని నిలబడ్డాను.

కార్లు వెళ్లాక అవ్వ మడిలోకి దిగి బురదలోంచి మొక్కలు తీసి చూసింది. లేత నారు, నడుములు విరిగిపోయాయి. ఆమె గొంతు పెంచలేదు.

"ఎనుకకు నడువాలె సారు. ముంగటికి నడిస్తె నాటిందంత కాళ్ల కిందనే పోతది. ఆయనకైతె తెల్వది. నీకు తెలుసు గద?"

గొడుగు ముడిచి గట్టు దిగాను.

మర్నాడు పత్రికల్లో ఆయన మట్టి చేతుల ఫొటో వచ్చింది. కార్యక్రమం విజయవంతమని నేను నివేదిక పంపాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆ తర్వాత పక్క తండాల్లో మిగులు నారు కోసం తిరిగాను. సగం మడికే దొరికింది. మిగతా సగం ఆ వానాకాలమంతా ఖాళీగా ఉంది. ఆ తర్వాతి యాసంగి పంట కాలంలో అవ్వ మిర్చి ఏరడానికి కూలికి పోయింది. అంతకు ముందు ఆమె కూలికి పోలేదు.

తర్వాత అలాంటి కార్యక్రమం ఎప్పుడు పడ్డా, నారు వయసు కాగితం మీద రాసి, సంతకం పెట్టి పైకి పంపాను. ఒకసారి వాయిదా వేశారు, ఒకసారి తిట్టారు. నాయకుడికి నారు సంగతి తెలియకపోవడం తప్పు కాదు. తెలిసినవాడు ఒకడు పక్కన ఉండాలనే నాకు జీతమిచ్చారు.