అరంగుళం

ఆవిడ అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనపడదు. వీధిలో అందరికీ ఆవిడ అరంగుళమే. చిన్నవాళ్లు అరంగుళం అత్తా అంటారు, పెద్దవాళ్లు గుమ్మంలోంచే "అరంగుళం ఉందా?" అని కేకేస్తారు. కోపం తెచ్చుకోవలసిన పేరే గానీ, దాన్ని కోరి తెచ్చుకున్నది ఆవిడే. ముప్పై ఏళ్లుగా గౌను కుట్టినా, చొక్కా కుట్టినా, మడతపెట్టి చేతిలో పెడుతూ ఒకటే మాట చెప్పేది. "లోపల అరంగుళం వదిలాను. ఒళ్లు చేస్తే విప్పుకోండి." బడి యూనిఫాంలు కుట్టించుకునే తల్లుల్ని ఇంకో ఏడాది గట్టెక్కించేది ఆ అరంగుళమే.

కొట్టంటే వేరే ఏమీ లేదు, ఇంటి ముందుగదే. రెండు కుట్టుమిషన్లు, ఒక కత్తిరింపు బల్ల, ఓ మూల పరదా, పరదా వెనక బట్టలు తొడిగి చూసుకోవడానికి మనిషి పట్టేంత చోటు, నిలువుటద్దం. రెండో మిషన్ మీద ఆడపడుచు కూర్చుంటుంది. ఎనిమిదేళ్ల కిందట పోయినవాడు ఒకరికి భర్త, ఇంకొకరికి అన్న. అప్పటినుంచి ఈ ఇద్దరూ పొద్దస్తమానం పోట్లాడుకుంటూనే ఉన్నారు. అయినా ఒకరు రాకుండా ఇంకొకరు కంచం ముందు కూర్చోరు.

ఈ ఏడు ఆవిడ ఎడమ రొమ్ము కింద, సరిగ్గా మడత దగ్గర, చొక్కా గుండీ అంత గడ్డ చేతికి తగిలింది. ఆపరేషన్ చేసి తీసేశారు. తీసింది క్యాన్సరేనని తేలాక, వారానికి అయిదు రోజుల చొప్పున ఇరవై అయిదు రోజులు కరెంటు పెట్టాలన్నారు. డాక్టరమ్మ దాన్ని రేడియేషన్ అనే అంది గానీ, బయట బెంచీల మీద కూర్చున్నవాళ్లందరూ కరెంటు అనే అంటారు. ఆవిడకీ అదే నోటికొచ్చింది.

"పొద్దున ఆ మిషన్ కింద, మధ్యాహ్నం ఈ మిషన్ ముందు. నన్ను పుట్టించినవాడికి ఇంకేమీ తోచలేదల్లే ఉంది," అనేది ఆడపడుచుతో.

మొదటి రోజు మిషన్ గదిలో ఉండే అమ్మాయి ఊదారంగు పెన్నుతో ఆవిడ గుండెల మీద గీతలు గీసింది. పైన ఒకటి, రొమ్ము కింద మడతకు కాస్త దిగువన ఒకటి, పక్కన చిన్న కూడిక గుర్తు. మిషన్ వెలుగు రోజూ ఆ గీతల మీదే పడాలట. ఆవిడ తల ఎత్తి చూసుకుని నవ్వింది.

"ఇంత వంకరగానా గీయడం! ఈ గీత మీద కత్తెర వేస్తే ఆ బట్ట ఇంక గుడ్డపీలికలకే తల్లీ."

"మా దగ్గర కత్తెర లేదు లెండి," అంది ఆ అమ్మాయి. "చెరక్కుండా చూసుకోండి చాలు. చెరిగితే మేమే దిద్దుతాం, మీరు మాత్రం పెన్ను పట్టకండి. ఇంకోమాట అమ్మా, చర్మం కందినా, మండినా ముందు మాకు చెప్పండి. ఇంట్లో ఏదిబడితే అది పూయకండి."

రెండు వారాలు బాగానే గడిచాయి. ఆ తర్వాత చర్మం ఎర్రబడింది, మూడో వారానికి నల్లబడడం మొదలైంది. గోకాలనిపించేది, గోకితే ప్రాణం పోయేది. ఆవిడేం తక్కువ తినలేదు. పాత దుప్పట్లలోకెల్లా బాగా నలిగిన మెత్తటిదాన్ని తీసి మూడు వదులు చొక్కాలు కుట్టుకుంది. ఒంటికి కుట్టు తగలకూడదని కుట్లన్నీ బయటికి పెట్టింది. అది తొడుక్కుని గుమ్మంలో నిలబడితే వచ్చినవాళ్లంతా, "అత్తా, చొక్కా తిరగేసి తొడుక్కున్నావ్!" అని చెప్పిపోయేవారు. చెప్పగా చెప్పగా విసిగి, "ఇప్పుడిదే ఫ్యాషన్. కావాలంటే నీకూ కుట్టిస్తా," అనడం మొదలెట్టింది. సబ్బు మానేసింది. గోరువెచ్చటి నీళ్లు పోసుకుని, తుడుచుకోకుండా మెత్తటి గుడ్డతో అద్దుకునేది. ఇస్త్రీపెట్టె దగ్గరికి పోకుండా ఆ పని ఆడపడుచుకి అప్పజెప్పింది. ఇంతవరకూ ఆవిడ చేసిందాంట్లో వంకపెట్టడానికేం లేదు.

నాలుగో వారం మొదట్లో, సోమవారం పొద్దున చొక్కా విప్పబోతే రాలేదు. మడతలో ఒంటికి అతుక్కుపోయింది. నీళ్లు చల్లి మెల్లగా లాగితే గుడ్డతోపాటు పైపొర కూడా వచ్చింది. కింద తడితడిగా, ఎర్రగా, వేలెడు పొడవున చర్మం ఊడిపోయింది. ఆవిడ అద్దంలో దాన్ని చూసి గట్టిగా కళ్లు మూసుకుంది. నొప్పి ఒక్కటే అయితే ఓర్చుకునేది. ఆవిడను పట్టుకున్నది భయం.

ఆ భయాన్ని ఆవిడకు అంటించింది బెంచీ మీద రోజూ పక్కన కూర్చునే టోపీ ఆవిడ. జుట్టంతా ఊడిపోయి ఊలుటోపీ పెట్టుకునేది. ఆమె వంతు ముందు, ఆవిడది తర్వాత.

"నీకు తోలు ఊడిందా?" అని అడిగింది అంతకు ముందువారమే.

"లేదక్కా. కందింది."

"ఊడనీకు. ఊడిందంటే మిషన్ ఆపేస్తారు. మధ్యలో ఆపితే ఇన్నాళ్లు పెట్టించుకున్నదంతా బూడిదలో పోసినట్టే. మాతో ఒకామె వచ్చేది, పది రోజులు ఆపారు."

"ఇప్పుడెలా ఉంది ఆమెకి?"

టోపీ ఆవిడ టోపీ చెవుల మీదికి లాక్కుని, పిలవకముందే లేచి లోపలికి వెళ్లింది.

అందుకని ఆ సోమవారం పొద్దున ఆవిడ ఎవరికీ ఏమీ చెప్పలేదు. గదిలోకి పోయేముందు దూది అద్దుకుని మడత ఆరబెట్టుకుంది. ఊపిరి బిగబట్టి పడుకుంది. సోమవారం సోమవారం అక్కడ లోపలి ఎముకలు కనపడేట్టు ఫోటో తీసి గీతలతో సరిచూస్తారు. ఫోటో సరిపోయింది. పదహారో రోజు గడిచింది. డాక్టరమ్మ గుమ్మంలో ఎదురై, "చర్మం ఎలా ఉందమ్మా?" అంటే, "ఏదో కాస్త కందిందండీ," అని పైచెంగు సర్దుకున్నంత తేలిగ్గా అనేసి వచ్చింది. ఇంకా తొమ్మిది రోజులున్నాయి. ఈ పుండు తొమ్మిది రోజులు ఆగదని ఆవిడకు తెలుసు.

మధ్యాహ్నం ఆడపడుచు గుండీలు కొనడానికి బజారుకెళ్లినప్పుడు ఆవిడ పరదా వెనక్కి వెళ్లి చొక్కా తీసి నిలబడింది. చెమటకీ, నీళ్లకీ గీతలు సగం చెరిగి ఉన్నాయి. కింది గీత పుండుకు అవతల ఉంది, అంటే వెలుగు రోజూ పుండు మీదే పడుతోంది. ఆ గీత కాస్త పైన ఉంటే పుండు తప్పించుకుంటుంది. నాలుగు రోజులు తప్పించుకుంటే మానుతుంది. మానితే మిషన్ ఎవరూ ఆపరు.

ఇదీ ఆవిడ వేసిన లెక్క. ఇంకొకరైతే ఆ ఆలోచన వచ్చినా చెయ్యి వణికి ఊరుకునేవారు. ఈవిడది ముప్పై ఏళ్లు లోకుల బట్టల్ని లోపలికి పట్టిన చెయ్యి, బయటికి వదిలిన చెయ్యి. మెడలో టేపు ఉండనే ఉంది. బట్టల మీద గుర్తులు పెట్టే, తడిపితే పోయే మార్కర్ బల్ల మీదే ఉంది, అదీ ఊదారంగుదే. పాత గీతల్ని తడిగుడ్డతో తుడిచేసింది. ఒకచోట లోపలికి పడితే అన్నిచోట్లా పట్టాలి, లేకపోతే బట్ట లాగేస్తుంది. కాబట్టి కింది గీత, పైగీత, పక్కనున్న కూడిక గుర్తు మూడింటినీ ఒకే కొలతన పైకి జరిపి గీసింది. అరంగుళం.

"అరంగుళం ఎవరికి కనపడుతుంది!" అనుకుంది. ఒక చంక దగ్గర అరంగుళం తప్పితే చొక్కా మొత్తం కుట్లు విప్పేసే మనిషి, తన ఒంటి దగ్గరకొచ్చేసరికి ఆ మాట అనుకుంది.

మంగళవారం, బుధవారం, గురువారం, శుక్రవారం. నాలుగు రోజులూ వెలుగు ఆవిడ గీసిన గీతల మీద బుద్ధిగా పడింది. పుండు తడి తగ్గింది. ఆవిడకు సంతోషం వేసింది, రెండు గౌన్లు ఎక్కువ కుట్టింది కూడా. శనివారం పొద్దున ఆవిడ మెడ వంచి సూదిలో దారం ఎక్కిస్తుంటే ఆడపడుచు చేతిలో పని ఆపేసింది.

"వదినా, మెడ కింద అదేంటి? కొత్తగా ఎర్రబడిందే!"

"చెమట పేలిందేమో."

"చెమట ఇంత తిన్నగా పేలుతుందా? రిబ్బను కుట్టినట్టుంది. డాక్టర్‌కి చూపించు."

"నీ గుండీల సంగతి చూసుకో," అని కసిరింది గానీ, సూది గుడ్డకు గుచ్చి లేచింది.

పరదా వెనక అద్దంలో చూసుకుంది. పాత నలుపుకు పైన, ఇంతవరకూ ఏమీ కాని చర్మం మీద, సన్నటి ఎర్రటి పట్టీ. టేపు పెట్టి కొలిచింది. కొలవకముందే తెలుసు. పైన కొత్తగా అరంగుళం కాలిందంటే కింద అరంగుళానికి నాలుగు రోజులుగా ఏమీ అందలేదన్నమాట. కింద ఏముందో అప్పుడు గుర్తుకొచ్చింది. మడత పక్కనే ఆపరేషన్ కుట్టు. గుండీ అంత గడ్డ ఉన్నచోటు. ఏ చోటు కోసం ఇరవై అయిదు రోజులు పెట్టమన్నారో ఆ చోటునే తను తప్పించింది. ఆవిడ అక్కడే నేల మీద కూలబడింది. ఇన్నేళ్లుగా ఎందరో ఆడవాళ్లు ఒళ్లు చూసుకున్న ఆ అద్దంలో ఇప్పుడు తన తల ఒక్కటే కనపడుతోంది.

ఆదివారమంతా కుట్టుమిషన్ ముట్టుకోలేదు. సాయంత్రం మళ్లీ పరదా వెనక్కి పోయి గీతలు తుడిచి, మూడింటినీ సరిగ్గా పాతచోటుకే దించి గీసింది. ఆ కొలత ఆవిడకు కళ్లు మూసుకున్నా తప్పదు. రేపు ఫోటో సరిపోతుంది. నాలుగు రోజుల సంగతి ఎవరికీ తెలియదు. చెబితే తిడతారు, పుండు చూస్తారు, మిషన్ ఆపేస్తారు. చెప్పకపోతే ఆ అరంగుళం లోపల ఏం జరుగుతుందో దానికే తెలియాలి.

సోమవారం బెంచీ మీద టోపీ ఆవిడ లేదు. వంతు మారిందేమోనని అటూ ఇటూ చూసింది. ఎవరినీ అడగలేదు.

లోపల మిషన్ అమ్మాయి ఫోటో తీసి చూసుకుని వచ్చింది. గీతల మీదికి వంగి వాటి వెంట వేలితో తడిమింది.

"ఇవి మేం గీసినవి కాదు."

ఆవిడ కళ్లు పైకప్పు మీద నిలిపింది. "ఎలా చెబుతున్నావ్?"

"మా గీత ఇంత తిన్నగా ఎప్పుడైనా వచ్చిందా? చెరిగితే మీరే దిద్దుకున్నారా? వద్దని చెప్పాను కదమ్మా! సరే, ఫోటో సరిపోయింది కాబట్టి బతికిపోయాం. ఇంకెప్పుడూ ముట్టుకోకండి." బుగ్గ గిల్లినట్టు మందలించి, మిషన్ వేయడానికి గది బయటికి నడిచింది.

బతికిపోయాం అన్న మాట ఆవిడ చెవిలో పడింది. బరువైన తలుపు మూసుకోబోతోంది. తలుపు మూసుకుంటే ఆ సంగతీ మూసుకుపోతుంది. చెయ్యి కదపకూడదని తెలిసి కూడా ఆవిడ చెయ్యెత్తింది.

"ఆగు తల్లీ. తలుపు వెయ్యకు."

డాక్టరమ్మ వచ్చింది. తిట్టలేదు. తిడితే బాగుండేది. చొక్కా తొలగించి మడత ఎత్తి పుండు చూసి పెదవి కొరుక్కుంది.

"ఎన్నాళ్లయింది ఇది?"

"వారం అయిందండీ. చెబితే మిషన్ ఆపేస్తారని..."

"అవసరమైతే రెండు మూడు రోజులు ఆపేవాళ్లం. దానికే కొంప మునిగిపోదు, ఆ లెక్క మేం చూసుకుంటాం. సగంమందికి ఇలా అవుతుందమ్మా. దీనికి అంటుకోని పట్టీ ఉంది, మందుంది. చెప్పిన రోజే ఇచ్చేదాన్ని." సొరుగులోంచి మెత్తటి తెల్లటి పట్టీ తీసి మడతలో పెట్టింది. చల్లగా తగిలింది. రెండు వారాల్లో మొదటిసారి ఆ చోట మంట ఆగింది. ఆవిడ అప్పుడు ఏడ్చింది.

"గీతలు ఎంత జరిపారు?"

"అరంగుళం."

"సుమారుగానా? సరిగ్గా తెలియాలి, లెక్క మళ్లీ వెయ్యాలి."

"సుమారు కాదండీ. అరంగుళమే."

డాక్టరమ్మ రాసుకుంది. రాసుకుని, పాత ఫోటో పక్కన వేలు పెట్టి చూసింది. ఆ వేలు ఎక్కడ ఆగిందో ఆవిడ కూడా చూసింది.

"గడ్డ తీసింది అక్కడే కదండీ?"

"ఆ అంచునే."

"నాలుగు రోజులకే ఏమైనా..."

"తెలీదమ్మా. ఆ చోటికి ఇంకొన్ని రోజులు కలుపుతాం. ఆ తర్వాత కనిపెట్టుకుని ఉండాలి. ఏడాది, రెండేళ్లు. మీరు చెప్పారు కాబట్టి అదైనా చేయగలుగుతున్నాం."

ఇంటికొచ్చేసరికి ఆడపడుచు గుమ్మంలోనే నిలబడి ఉంది. ముఖం చూసి మంచినీళ్లు తెచ్చిచ్చింది. ఆవిడ మిషన్ ముందు కూర్చుంది గానీ కాలు తొక్కుడుబల్ల మీద పెట్టలేకపోయింది. అప్పుడే పక్కవీధి టీచరమ్మ కూతురి గౌను కోసం వచ్చింది. సంచీలో పెట్టుకుంటూ నవ్వుతూ అడిగింది.

"ఎప్పట్లాగే లోపల అరంగుళం వదిలావా?"

ఆడపడుచు తల ఎత్తింది. ఆవిడ చెయ్యి తనకు తెలియకుండానే రొమ్ము కిందికి, పట్టీ మీదికి వెళ్లింది.

"వదిలాను," అంది.