రెండు అంకెలు పట్టే గడి

నా చిన్నప్పుడు కామారెడ్డిలో మా ఇంటికి పేపరు రాగానే సుడోకు ఉన్న పేజీ నాదీ మా బాపుదీ. వాకిట్లో మంచం మీద ఇద్దరం ఆనుకుని కూర్చునేవాళ్ళం. నేను పెన్సిలుతో తోచిన అంకె వేసేదాన్ని, బాపు నవ్వి చెరిపేవాడు. ఆ నవ్వు కోసమే ఇంకో తప్పు వేసేదాన్ని.

ఇంటర్ చదవడానికి ఎల్లారెడ్డి నుంచి మా పెద్దమ్మ కూతురు వచ్చింది. కొద్దిరోజులకే మంచం మీద నా చోటు పోయింది. ఫలానా గడిలో ఫలానా అంకే ఎందుకు రావాలో అక్క మెల్లగా చెప్పేది, బాపు శభాష్ అనేవాడు. నాకు కడుపు మండిపోయేది. అక్క జడ, అక్క చేతిరాత, అక్క అన్నం కలిపే తీరు, ఏదీ నచ్చేది కాదు.

ఒక ఆదివారం అక్క తలస్నానానికి వెళ్ళింది. ఆమె వచ్చేలోపు పూర్తిచేసి బాపు చేత నేనూ శభాష్ అనిపించుకోవాలని పెన్నుతో చకచకా నింపేశాను. చివరి గడికి ఐదు మిగిలింది. ఆ వరుసలో ఐదు అప్పటికే ఉంది. ఒక వరుసలో ఒకే అంకె రెండుసార్లు రాకూడదు. పేపరు విసిరికొట్టి ఏడ్చాను.

బాపు తిట్టలేదు. అచ్చులో ఉన్న అంకెలతో అదే సుడోకు తెల్లకాగితం మీద మళ్ళీ గీసి, నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఒక గడి చూపించి ఐదు అన్నాను. ఎందుకన్నాడు. పడుతుంది కదా అన్నాను.

"ఎనిమిది పట్టదా మరి?"

చూస్తే అదీ పట్టింది.

"రెండు పట్టినప్పుడు ఏదీ రాయకు బిడ్డా. గా గడి ఇడిసిపెట్టి ఇంకో దిక్కు సూడు. ఇంకేది పట్టదని తేలినంకనే రాయాలె."

అలా నిదానంగా పోతే అన్ని గడులూ నిండాయి. ఆ ధైర్యంతో మనసులో మాట అడిగేశాను.

"బాపూ, నీకు నాకన్న అక్కనే ఇష్టమా?"

"గదొక్కటే పడ్తదా? ఇంకోటి పట్టదా, మంచిగ సూడు."

ఇష్టం లేకుండానే ఆలోచించాను. అక్క మా ఇంటికి వచ్చాక ఎవరితోనూ నోరు విప్పలేదు. సగం అన్నం వదిలేసి లేచిపోయేది. ఆమె గొంతు వినిపించేది ఒక్క ఆ పేపరు ముందే. ఇంటి మీద బెంగపెట్టుకున్న పిల్లను బాపు అలా మాట్లాడిస్తున్నాడు. మర్నాడు మంచం మీద ముగ్గురం కూర్చున్నాం. నడుమ మాత్రం నేనే.

ఇప్పుడు నా కూతురు బడి నుంచి వస్తూనే బ్యాగు నా మీద పడేసి మా తోటికోడలి దగ్గరికి ఉరుకుతుంది. లోపల భగ్గుమంటుంది. అయినా ముందు ఇంకోటి పట్టదా అని చూసుకుంటాను. చాలాసార్లు పడుతుంది, ఆకలో, ఆవిడ చేసే సర్వపిండో. ఒక్కోసారి ఎంత వెతికినా ఇంకేదీ పట్టదు. ఆ రోజు మాత్రం ఏ అనుమానమూ లేకుండా, తృప్తిగా కుళ్ళుకుంటాను.