కోచ్ కంచం కింది పీట

కొమురేశ్ కంచం నేల మీద పెట్టుకుని తినలేడు. ఎత్తు పీట వేసి దాని మీద కంచం పెట్టాలి. అతని కుడిచెయ్యి రొమ్ము దాకా వస్తుంది, ఆపైకి లేవదు. పీట ఉంటే కాస్త వంగితే చాలు, లేకపోతే నోరే కంచం దాకా వంగాలి. ఈ సంగతి అతని భార్య వసంతకు తప్ప బయట ఎవరికీ తెలియదు.

ఒకప్పుడు ఆ చెయ్యే అతనికి పేరు తెచ్చింది. తండ్రి కిష్టయ్య నానక్‌రామ్‌గూడలో లేస్తున్న ఒక టవరుకు వాచ్‌మన్. వాళ్లుండే రేకుల షెడ్డు వెనక ఖాళీ జాగాలో ఆదివారాలు సాఫ్ట్‌వేర్ పిల్లలు ఆడుకునేవాళ్లు. అమెరికావాళ్ల ఫుట్‌బాల్ ఆట. బంతి గుండ్రంగా ఉండదు, రెండు కొసలా సన్నగా, కోడిగుడ్డును సాగదీసినట్టు ఉంటుంది. ఒకనాడు ఆ బంతి కంచె దాటి వచ్చి కిష్టయ్య నీళ్ల డ్రమ్ములో పడింది. కొమురేశ్ తీసి విసిరాడు. అది అందరి తలల మీదుగా పోయి అవతలి గోడకు తగిలింది. మంచె మీద నిలబడి వడిసెలతో జొన్నచేను మీది పిట్టల్ని తోలిన చెయ్యి మరి.

"ఏం తింటావు భయ్యా నువ్వు?" అని అడిగాడట వాళ్లలో ఒకడు.

"జొన్న గట్క," అన్నాడు కొమురేశ్.

ఆ వారం నుంచే అతన్ని ఆటలోకి తీసుకున్నారు. ఆ ఆటలో బంతి మొదట ఒకడి చేతికొస్తుంది. అవతలివాళ్లు మీదపడి కూలదోసేలోగా, ఎవడు ఎటు ఉరుకుతున్నాడో చూసి వాడి చేతుల్లో పడేట్టు విసరాలి. అలా విసిరేవాణ్ని క్వార్టర్‌బ్యాక్ అంటారు. కొత్తగా పెళ్లయి వచ్చిన వసంత ఆ మాట చెబితే పక్కింటి ఓబులమ్మ పడీపడీ నవ్వింది. "క్వార్టరా? మా ఆయన దినాం ఆడే ఆటే గద పిల్లా! ఆయన గూడ మీదపడి కూలుతడు."

నవ్వినవాళ్లే తర్వాత మ్యాచులకొచ్చి ఈలలు వేశారు. పేపర్లో ఫోటో పడింది. అత్త పోచమ్మ ఆ కాగితాన్ని దేవుడి పటాల పక్కన అంటించింది.

తర్వాత భుజం నొప్పి మొదలైంది. చెప్తే బయట కూర్చోబెడతారని కొమురేశ్ చెప్పలేదు. మ్యాచ్ ముందు నొప్పి తెలియకుండా సూది వేయించుకునేవాడు. "ఒక్కటే మ్యాచ్, వసంతా. గీ ఒక్కటి అయిపోని," అనేవాడు. ఆ ఒక్కటి చాలాసార్లు వచ్చింది. ఆఖరిసారి బంతి విసిరాక చెయ్యి కిందికి వాలింది, మళ్లీ పైకి పోలేదు. దవాఖానలో ముందే వస్తే బాగుండేదన్నారు.

పోచమ్మ పోయిననాడు చితి చుట్టూ తిరగడానికి నీళ్ల కుండ ఎడమ భుజం మీదికి ఎత్తుకోవాలి. ఎత్తడానికి కుడిచెయ్యి సాయం రావాలి. రాలేదు. వసంత తమ్ముడు వెనకనుంచి కుండ పట్టుకుని నడిచాడు. కన్నతల్లికి కుండ ఎత్తలేకపోతినని కొమురేశ్ ఎవరితోనూ అనలేదు. కానీ ఆ తర్వాత ఇంట్లో బిందె చప్పుడైతే చాలు, లేచి బయటికి పోయేవాడు. వసంత బిందెను గుడ్డ మీద దించడం నేర్చుకుంది.

ఆడటం పోయినా ఆట తెలిసినవాడని హైటెక్ సిటీలో ఒక కంపెనీవాళ్లు తమ ఉద్యోగుల జట్టుకు కోచ్‌గా పిలిచారు. పిలిచారే గాని ఉద్యోగం ఇవ్వలేదు. సెక్యూరిటీ కాంట్రాక్టరు మనిషిగా రాసుకుని, పొద్దున గ్రౌండ్‌లో నిలబెట్టేవాళ్లు, మిగతా పొద్దంతా గేటు దగ్గర నిలబెట్టేవాళ్లు. గ్రౌండ్‌లో అతను చేతులు వెనక్కి కట్టుకుని నోటితోనే అంతా చెప్పేవాడు. కోచ్ అన్న చాలా స్ట్రిక్టు అనుకునేవాళ్లు పిల్లలు. చెయ్యి లేవని కోచ్ అని తెలిస్తే ఉంచుకుంటారో లేదోనని అతని భయం.

ఆ ఏడు జట్టు ఫైనల్‌కు వచ్చింది. జట్టు చూసుకునే మేనేజరు కామేశ్వరరావు అతన్ని పిలిచి, "కప్పు కొట్టావంటే నిన్ను కంపెనీ మనిషిగానే తీసుకుంటామయ్యా. ఇక గేటు ఉండదు. ఓడితే మాత్రం జట్టునే ఎత్తేస్తామంటున్నారు పైవాళ్లు. అప్పుడు నా చేతిలో ఏం లేదు," అన్నాడు.

అదంతా లోహిత్ మీద ఉంది. బాచుపల్లి పిల్లవాడు, కొత్తగా ఉద్యోగంలో చేరాడు, ఇప్పటి క్వార్టర్‌బ్యాక్. కొమురేశ్ వదిలేసిన చెయ్యి వాడికొచ్చిందా అన్నట్టు విసురుతాడు.

పెద్ద మ్యాచ్ ముందురోజు జట్టంతా కోచ్ ఇంట్లో తినాలని కొమురేశ్ పెట్టుకున్న పద్ధతి. ఒక కుండలో కూడు తిన్నోళ్లు గ్రౌండ్‌లో ఒకణ్నొకడు విడువరంటాడు. వసంత బగారన్నం, మటన్ వండింది. శనివారం నీచు ముట్టనన్న కామేశ్వరరావుకు విడిగా పప్పు, బెండకాయ వేపుడు. ఉన్న ఒక్క గదిలో గోడ వెంట అందరూ బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. కొమురేశ్ మాత్రం కంచం పట్టుకుని తలుపు దగ్గరే నిలబడ్డాడు. పీట అతని వెనకే, గోడకు ఆనించి ఉంది. అందరూ లేచాక తింటాడు.

"అక్కా, ముక్కలన్నీ గా కొసకే పోతున్నయి!" అని ఒకడు అరిచాడు.

"నీకేస్తే రేపు ఉరుకుతవా, పంటవా?" అంది వసంత. అందరూ నవ్వారు.

నవ్వుతూనే ఆమె లోహిత్ ముందుకొచ్చి గరిటె ఆపింది. వాడు కుడిచెయ్యి కంచంలోంచి ఎత్తడం లేదు. ముద్ద కలిపి, తలను కంచం మీదికి వంచి అందుకుంటున్నాడు. ఆకలిగొన్నవాడు అలా వంగడు. అలా వంగేవాణ్ని ఆమె ఎన్నేళ్లుగానో పక్కన కూర్చుని చూస్తోంది.

ఆమె తలెత్తి భర్తను చూసింది. కొమురేశ్ చూపు పక్కకు తిప్పుకున్నాడు. ఇతనికి తెలుసన్నమాట. తెలిసీ రేపు ఆడిస్తున్నాడు.

 చెబితే రేపటి కప్పు పోతుంది. భర్త మళ్లీ గేటుకే పోతాడు, ఈసారి ఎప్పటికీ. చెప్పకపోతే ఆ పిల్లవాడి ఇంట్లో కూడా ఎవరో ఒకరు బిందెను గుడ్డ మీద దించాలి. ఆమె ఎవరి ముందూ గొంతెత్తే మనిషి కాదు.  గరిటె పక్కన పెట్టి, తలుపు దగ్గరికి వెళ్లి పీట తీసుకొచ్చింది. లోహిత్ కంచం ఎత్తి, దాని కింద పీట పెట్టి, మళ్లీ వడ్డించడానికి పోయింది.

"ఏంటమ్మా, క్వార్టర్‌బ్యాక్‌కి స్పెషల్ మర్యాదా?" అన్నాడు కామేశ్వరరావు పప్పు కలుపుకుంటూ. "మేమేం పాపం చేశామండీ?"

ఎవరూ నవ్వలేదు. లోహిత్ పీట వంక చూశాడు, కోచ్ వంక చూశాడు. "వద్దక్కా, నాకెందుకు..." అన్నాడు. 

కొమురేశ్ తలుపు దగ్గర్నుంచి కదిలాడు. వచ్చి లోహిత్ ఎదురుగా కూర్చుని కంచం నేల మీద పెట్టుకున్నాడు. ఇంతమందిలో ఎన్నడూ తిననివాడు ముద్ద కలిపాడు. చెయ్యి రొమ్ము దాకా వచ్చి ఆగింది. తల వంచి ముద్ద అందుకున్నాడు. మళ్లీ కలిపాడు, మళ్లీ వంగాడు. మీసానికి అన్నం అంటుకుంది.

"చూసినవా?" అన్నాడు లోహిత్‌తో. "గీ పీట నాది. నీకు నేనియ్య. రేపు నువ్వు ఆడవు."

"అన్నా, ఒక్క మ్యాచ్! గీ ఒక్కటే!"

"నేను గూడ గదే అన్న. మా అక్కను అడుగు." అక్క అంటే వసంతే. మాట తడబడి భార్యను వాళ్లందరికీ మల్లే అక్క అనేశాడు. దానిక్కూడా ఎవరూ నవ్వలేదు.

కామేశ్వరరావు చెయ్యి కడుక్కుని లేచాడు. "కొమురేశ్, ఏం చేస్తున్నావో తెలుస్తోందా? నీ చెయ్యి సంగతి ఇన్నాళ్లూ మాకు చెప్పలేదు. ఇప్పుడు వాణ్ని కూర్చోబెడతానంటావు."

"తెలుస్తున్నది సార్."

"అయితే సరే," అన్నాడాయన. కోపంగా అనలేదు. అందుకే వసంతకు ఇంకా భయమేసింది.

మరునాడు వేరొకడు విసిరాడు. బంతులు ఎక్కడెక్కడో పడ్డాయి. ఓడిపోయారు. నెల తిరక్కముందే జట్టు ఎత్తేసి గ్రౌండ్‌లో కార్లు పెట్టుకోవడానికి గీతలు గీశారు. కొమురేశ్‌కు పొద్దుటి పని పోయి, రోజంతా గేటే మిగిలింది. వేరేచోట చూడమని వసంత ఒకసారి అంది. చెయ్యి లేవనోడికి ఎవడిస్తడు, బటన్ నొక్కే పనైనా ఉన్నది అన్నాడు. ఆమె మళ్లీ అనలేదు. అతను బటన్ నొక్కితే అడ్డకర్ర దానంతట అదే లేస్తుంది, కారు పోయాక దిగుతుంది. కూర్చున్న చోటునుంచి ఆ గీతలు కనిపిస్తాయి.

లోహిత్ కూడా ఆ గేటులోంచే పోతాడు. కారు అద్దం దించేవాడు కాదు. నల్లటి అద్దం వెనక వాడు ఇటు చూస్తున్నాడో లేదో తెలిసేది కాదు. భుజానికి కట్టు కట్టారని, ఆపరేషన్ అక్కర్లేకపోయిందని వేరేవాళ్లు చెబితే తెలిసింది.

వానలు మొదలయ్యాక ఒకరోజు కొమురేశ్ డ్యూటీ నుంచి వచ్చి, తడిసిన చొక్కాతోనే పీట ముందు కూర్చున్నాడు.

"ఇయ్యాల లోహిత్ అద్దం దించిండు," అన్నాడు.

"ఏమన్నడు?"

"ఏమనలె. చెయ్యి ఊపిండు."

"ఏ చెయ్యి?"

"కుడిచెయ్యే."

"యాడిదాక లేసింది?"

కొమురేశ్ చూపించబోయాడు. కుడిచెయ్యి రొమ్ము దగ్గర ఆగిపోయింది. అప్పుడు ఎడమచెయ్యి ఎత్తి, తల దాటించి, వేళ్లు రేకు కప్పుకేసి చాచాడు.

"గింతదాక," అన్నాడు.

ఆ చెయ్యిని కాసేపు అలాగే ఉంచాడు. వసంత కంచం తెచ్చి పీట మీద పెట్టింది. పొద్దున్నే మళ్లీ గేటుకు పోవాలి, చొక్కా ఆరదు. అతను చెయ్యి దించి, ముద్ద కలుపుకుని, వంగాడు.