కుట్టు పైకి తిప్పిన గ్లౌజు

టైలరింగు షాపులో అందరూ ఆవిడను స్కేలత్త అనేవారు. కొలతల చెక్కస్కేలు గుడ్డ మీద కన్నా ఆవిడ వీపు మీదే ఎక్కువసేపు ఉండేది మరి. పన్నెండేళ్లుగా దురద. చర్మం మీద మచ్చ లేదు, దద్దురు లేదు. జబ్బు కాలేయంలో ఉంది. ఒంటిని కాపాడాల్సిన బలగమే కాలేయంలోని సన్నటి పైత్యనాళాలను శత్రువులనుకుని ఏళ్ల తరబడి తొలిచేస్తోంది. మందులు ఆ దాడిని నెమ్మది చేశాయి గానీ, దురద జోలికి వెళ్లలేదు.

"ఎంత దురదమ్మా? ఒకటి నుంచి పది లోపు చెప్పండి" అని డాక్టర్లు అడిగేవారు. ఆవిడ మర్యాదగా "ఎనిమిది" అనేది.

ఇంట్లో ఆయనకు ఆ ఎనిమిది మీద కూడా నమ్మకం లేదు. "పని లేనప్పుడే నీకు దురద గుర్తొస్తుందే" అనేవాడు.

"నాకు పని లేని రోజు ఎప్పుడొస్తుందో చెప్పు. ఆ రోజంతా కూర్చుని తీరిగ్గా గోక్కుంటా."

ఈ జబ్బుతోనే చెల్లెల్ని పోగొట్టుకున్న ఒక రిటైరైన హెడ్మిస్ట్రెస్ విరాళాలు సేకరించి నిధి పెట్టింది. ఏడాదికి ఒకే ఒక్క పరిశోధనకు సాయం. ఎవరికివ్వాలో తేల్చడానికి ఒక పెద్ద డాక్టరు, ఇంకో డాక్టరు, హెడ్మిస్ట్రెస్, ఒక రోగి కూర్చుంటారు. ఈసారి ఆ రోగి స్కేలత్త.

చివరికి రెండు దరఖాస్తులు మిగిలాయి. ఒకటి ఎలుకల మీద కొత్త మందు పరీక్ష. రెండోది దురద మీద, ఒక కుర్ర డాక్టరమ్మది. దురదను కొలవడానికి ఆ అమ్మాయి గ్లౌజులు తయారుచేసింది. వేలికొసల మీద చిన్న బిళ్లలుంటాయి. గోకినప్పుడల్లా లాప్‌టాప్ తెర మీద ఒక అంకె పెరుగుతుంది. స్కేలత్త గుండె అప్పటికే ఆ గ్లౌజులో దూరిపోయింది. దురద మీద పనిచేస్తామన్నవాళ్లను పన్నెండేళ్లలో ఆవిడ చూడటం ఇదే మొదలు.

కానీ తొడిగి చూడనిదే ఏ బట్టనూ ఆవిడ షాపు గడప దాటనివ్వదు. చూపించడానికి ఆ అమ్మాయి వెంట తెచ్చిన గ్లౌజును అలవాటుగా తొడుక్కుంది. వేళ్లు కదిపి చూసి, ముఖం చిట్లించింది.

"దీన్ని ఎవరికి తొడిగి చూశావమ్మా?"

"చెక్క చేతికండీ. ఆర్నెల్లు పరీక్షించాం."

"చెక్కకి దురదేంటి తల్లీ!"

గ్లౌజు తీసి పెద్ద డాక్టరు చేతికిచ్చింది. "కాస్త వేసుకోండి సార్."

పెద్ద డాక్టరు వేసుకున్నాడు. మొదట బొటనవేలితో చూపుడువేలు రుద్దాడు. తర్వాత నాలుగు వేళ్లూ అరచేతికి రాసుకున్నాడు. కాసేపటికి చెయ్యి మొత్తం బల్ల అంచుకేసి తోముతున్నాడు. తెర మీద అంకె నలభై దాటింది.

"నాకు ఏ జబ్బూ లేదే!" అన్నాడు కంగారుగా.

"లోపలి కుట్టు సార్. అది గుచ్చుకుంటే రాయికైనా దురదొస్తుంది."

హెడ్మిస్ట్రెస్ నవ్వింది. పెద్ద డాక్టరు నవ్వలేదు. గ్లౌజు తీసి బల్ల మీద పెట్టి, "కొలతే తప్పైతే ఇంకేం పరిశోధన? దీన్ని పక్కనపెట్టి ఎలుకలకే ఇద్దాం" అన్నాడు. రెండో డాక్టరు తలూపాడు.

స్కేలత్తకు నెత్తిన పిడుగు పడ్డట్టయింది. నోరు మూసుకుని ఉంటే గెలిచేదాన్ని తన నోటితోనే ముంచేసింది.

"ఒక్క భోజనం వేళ ఆగండి సార్. అప్పటికీ బాగుపడకపోతే మీ ఎలుకలకే చెయ్యెత్తుతా."

వాళ్లు భోజనానికి వెళ్లారు. స్కేలత్త కుర్ర డాక్టరమ్మను వరండా బెంచీ మీద కూర్చోబెట్టి, సంచీలోంచి కత్తెర, సూది తీసింది. అమ్మాయి కళ్లలో నీళ్లు.

"ఏడవకు. నీళ్లు పడితే నీ బిళ్లలు పాడవుతాయి. ఈ దారం పట్టుకో. నీకు సూదిలో దారం ఎక్కించడం వచ్చా?"

"రాదండీ."

"ఏం చదివావే మరి అన్నేళ్లూ!"

అమ్మాయి ఏడుస్తూనే కిసుక్కుమంది. స్కేలత్త వేలివేలికీ కుట్టు విప్పి, అంచులు పైకి తిప్పి, మళ్లీ కుట్టింది. చూడటానికి వికారంగా ఉంది. లోపల మాత్రం వెన్నపూస.

పెద్ద డాక్టరు భోంచేసి వచ్చి, అనుమానంగానే తొడుక్కున్నాడు. అందరూ తెరనే చూస్తున్నారు. సున్నా. పది నిమిషాలైనా సున్నా. ఆయన ఆ చేత్తోనే నీళ్లు తాగాడు, కాగితాలు తిప్పాడు. సున్నా కదల్లేదు.

"ఇప్పుడు ఇటివ్వండి" అని స్కేలత్త దాన్ని తొడుక్కుంది. పొద్దుటి నుంచి పెద్దమనుషుల ముందు బిగబట్టిన దురద అది. మోచెయ్యి, మెడ, అరికాలు, సిగ్గు విడిచి, కళ్లు మూసుకుని, హాయిగా గోక్కుంది. అంకె పరుగందుకుంది. యాభై. ఎనభై. కుర్ర డాక్టరమ్మ చప్పట్లు కొట్టడం మొదలుపెట్టింది. నూట పన్నెండు దగ్గర స్కేలత్త ఊపిరి తీసుకోవడానికి ఆగింది.

పెద్ద డాక్టరు ఆ అంకెను కాగితం మీద రాసుకున్నాడు.

"ఇంత ఉందని ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదేంటమ్మా?" అన్నాడు పెద్ద డాక్టరు.

"పది లోపు చెప్పమన్నారు కదా సార్."

ముందుగా చెయ్యెత్తింది ఆయనే. మిగతా మూడు చేతులూ వెంటనే లేచాయి. వాటిలో ఒకదానికి ఇంకా గ్లౌజుంది.

స్కేలత్త వరండాలోకి పరుగెత్తి ఇంటికి ఫోన్ చేసింది. "ఏవయ్యా! నూట పన్నెండు!"

"ఏంటి, బీపీనా?"

"నా దురద! తెర మీద పడింది, నలుగురూ చూశారు! డబ్బు దానికే ఇస్తున్నారు!"

అవతల ఆయన, ఎప్పుడూ లేనంత మెల్లగా, "అంతుందటే?" అన్నాడు.

"ఉంది. ఇప్పుడు పనిలేదని మాత్రం అనకు. నలభై జతల గ్లౌజులు నన్నే కుట్టమన్నారు. నువ్వు వెళ్లి మెత్తటి నూలు దారం పట్టుకురా. తెల్లది!"