ఓడినవాళ్లకే మొదటి విస్తరి

యుద్ధాన్ని క్రికెట్ మ్యాచ్‌లా చూసేది మీరే. ఎక్కడో ఒక సైన్యానికీ సాయుధ దళానికీ మధ్య కాల్పులు ఆగాయనగానే, సోఫాలోంచి కదలకుండా "ఇంతకీ ఎవరు గెలిచారు?" అని అడిగేదీ మీరే. నా గత వ్యాసం కింద ఆ ప్రశ్నే మళ్లీ మళ్లీ చూసి ఒళ్లు మండింది. నాగావళి ఒడ్డున రెండు ఊళ్లు ఏటా ఇదే తేల్చుకుంటాయని మిత్రుడొకరు చెబితే బయల్దేరాను.

పొద్దున్నే ఆమదాలవలసలో రైలు దిగాను. బోర్డు మీద శ్రీకాకుళం రోడ్డు అని ఉంటుంది, కంగారుపడకండి. స్టేషన్ బయట ఇడ్లీ తిని రమణ అనే డ్రైవరు ఆటో ఎక్కాను. షేరింగ్‌లో ముప్పై రూపాయలు, గంటలోపు ప్రయాణం. రమణది ఏటికి తూర్పున ఉన్న ఊరు. వాళ్ల పూర్వీకులు కర్రలు, ఒడిసెలలు పట్టుకుని జమీందారు సైన్యాన్ని ఎదిరించారు. సైన్యం ధాన్యం దోచుకుని వెళ్లిపోయింది. జీతం అందక పడమటి ఒడ్డునే ఉండిపోయిన సిపాయిల సంతతిది అవతలి ఊరు. కోతలయ్యాక, మాఘమాసంలో ఒక ఆదివారం రెండు ఊళ్లూ కలిసి వండుకుంటాయి. ఆ పాత యుద్ధంలో ఎవరు గెలిచారో బయటివాడు తీర్పు చెప్పాలి, ఈ ఏడు అది నా వంతు. గెలిచినవాళ్లు వడ్డిస్తారు, ఓడినవాళ్లు ముందు తింటారు. ఓడిన ఊరి నుంచి దూరం వెళ్లినవాళ్లు క్షేమంగా తిరిగొస్తారని నమ్మకం కూడా.

"మేమే ఓడిపోనాం బాబూ, ముందే సెప్తన్నాను," అన్నాడు రమణ. "రెండేల్లై మాసేతే వడ్డింపిస్తన్నారు. ఈయేడు నా కాల్లకి సెలవు."

మామిడితోటలో గుండిగల నిండా పప్పు, గుమ్మడికాయ పులుసు ఉడుకుతున్నాయి. పొయ్యి దగ్గరున్న పడమటి ఊరి అప్పలనరసమ్మ నన్ను చూసి గరిటె ఎత్తింది.

"తీర్పు సెప్పే బాబువి నువ్వేనేటి? ఓడింది మేమే నాయినా. జీతం నేదు, ఇంటికెల్లే దారి నేదు. అదేటి గెలుపు?"

"ఓలమ్మో పిన్నీ! మా గడ్డివాములు తగలెట్టీసి మీరు ఓడిపోనారేటి?" అన్నాడు రమణ.

"ఓటమి నీ అబ్బ సొమ్మేటిరా?"

తోటంతా నవ్వింది. కానీ ఆమె పక్కన కడిగిపెట్టిన విస్తరి ఒకటి ఉంది. సరిహద్దులో సిపాయిగా ఉన్న కొడుకు పేరున. కొన్నాళ్లుగా అతని నుంచి ఫోన్ లేదట. తన ఊరు ఓడితేనే ఆ ఆకు ముందు వరసలో పడుతుంది.

అది తెలిసీ, ఊరు దోచినవాళ్లను ఓడిపోయారనడానికి నాకు నోరు రాలేదు. "సైన్యమే గెలిచింది," అన్నాను గట్టిగా.

అప్పలనరసమ్మ విస్తరి పక్కకు జరిపి పప్పు బకెట్ అందుకుంది. రమణ వచ్చి ఆ బకెట్ లాక్కున్నాడు.

"ఏటి బాబూ ఈ తీర్పు? సేను మాది, ఇప్పటికీ మేమే దున్నతన్నాం. ఆ జమీందారేడీ? మేమే గెలిసాం. కూకో పిన్నీ."

"కాల్లకి సెలవన్నావు గదరా?"

"వొచ్చేయేడు తీసుకుంతాన్లే. ముందు తమ్ముడి ఆకెయ్యి."

తూర్పు ఊరంతా లేచి బకెట్లు పట్టుకుంది. నా చేతికి ఉప్పు గిన్నె ఇచ్చారు.

నమ్మకాలను తిట్టడం నాకు అలవాటు. ఆ కొడుకు కోసం వేసిన ఖాళీ పీట ముందు, అతని ఆకులో మాత్రం మొదటి చిటికెడు ఉప్పు నేనే వేశాను. నా కోపం ఎక్కడికీ పోలేదు. యుద్ధం చేయించినవాడి మీదికి మళ్లింది. ఆ తోటలో వాడికొక్కడికే విస్తరి లేదు. మీరూ వెళ్లండి. మధ్యాహ్నం దాటాక ఆటోలు దొరకవు, తిరుగు ప్రయాణం పొద్దున్నే మాట్లాడుకోండి.

ఇక నా డిమాండ్లు.

ఎవరు గెలిచారని నన్ను అడగడం మానండి.

యుద్ధం చేయించిందెవరో ముందు అడగండి.

సరిహద్దులో ఉన్న పిల్లలను ఇళ్లకు ఫోన్ చేసుకోనివ్వండి.

అప్పలనరసమ్మ కొడుకును ఇంటికి పంపండి.