మేమే బిగించుకున్న సాఫ్ట్‌నర్

పదకొండేళ్లుగా బడిలో పిల్లలకు నీటి కఠినత్వం పాఠం చెబుతున్నాను. కాల్షియం, మెగ్నీషియం అని బోర్డు మీద రాస్తాను. జనగామలోని మా ఇంట్లో మాత్రం బోరు నీళ్లకు సబ్బు నురగ వచ్చేది కాదు. బకెట్ల అంచులకు తెల్లటి పెచ్చులు కట్టేవి. స్నానం చేసొచ్చిన అత్తమ్మ చేతులు గోక్కుంటూ కూర్చునేది. ఆవిడ మోచేతుల దగ్గర చర్మం పగిలి నెత్తురు కారిన రోజు, ఇక ఆగలేక నీటిని మెత్తబరిచే సాఫ్ట్‌నర్ తెప్పించాను.

బిగిస్తానన్న ప్లంబర్ రేపు, ఎల్లుండి అంటూ రెండు వారాలు తిప్పాడు. మా ఆయనది భూపాలపల్లిలో ఉద్యోగం, ఆదివారాలే ఇంటికొస్తాడు. ఒక శనివారం సెలవు దొరికింది. పెట్టె విప్పి, అందులోని కాగితాన్ని రెండుసార్లు చదివాను.

"నేనే బిగిస్తా అత్తమ్మా" అన్నాను.

"అది మనతోని ఏడైతది బిడ్డా? నీళ్లు బందైతే ఎట్ల?"

డోర్నకల్‌లో ఉండే మా బాపుకు ఫోన్ చేశాను. రైల్వేలో పట్టాల నట్లు బిగించీ బిగించీ రిటైరైన మనిషి. "ముందుగాల చేత్తోని తిప్పు. చెయ్యి ఆగినంక పానా పట్టు. తొందరపడితె మర పోతది" అన్నాడు. వద్దని మాత్రం అనలేదు.

మోటారు కట్టేసి, మిద్దె మీది ట్యాంకుకు వెళ్లే పైపును రంపం బ్లేడుతో కోయడం మొదలుపెట్టాను. పైపు కదలకుండా అత్తమ్మ రెండు చేతులతో పట్టుకుంది. అది తెగి రెండు ముక్కలైంది. అతకడం రాకపోతే ఇంటికి చుక్క నీళ్లుండవు. కాగితంలోని బొమ్మ చూస్తూ బోరు వైపు పైపును సాఫ్ట్‌నర్‌లోకి నీళ్లు వెళ్లే మూతికి, ట్యాంకు వైపు పైపును బయటికి వచ్చే మూతికి కలిపాను. మిషను కడిగినప్పుడు వచ్చే మురికి నీళ్లకు ఇంకో పైపు మోరీలోకి వదిలాను. మరలకు టేపు చుట్టి, అతుకులకు సొల్యూషన్ పూశాను. అది ఆరేదాకా ఆగమని కాగితంలో ఉంది. నేను ఆగలేదు.

మోటారు వేయగానే ఒక అతుకు ఊడి నీళ్లు ఎగజిమ్మాయి. అత్తమ్మ పరుగెత్తి స్విచ్ కట్టేసింది. ఇద్దరం నిలువునా తడిసిపోయాం. ఏడుపొచ్చి అక్కడే గట్టు మీద కూలబడ్డాను.

"అన్నం మాడితె మళ్ల వండమా? లే, మళ్ల పెట్టు" అంది అత్తమ్మ, చీర కొంగు పిండుకుంటూ.

ఊడినచోట పెట్టడానికి కొత్త వంపు ముక్క కొనుక్కొచ్చి, మళ్లీ కోసి, అతికించాను. ఈసారి తెల్లారేదాకా మోటారు జోలికి పోలేదు. మర్నాడు పొద్దున స్విచ్ వేశాక ప్రతి అతుకునూ వేలితో తడిమాను. తడి లేదు. బడిలో చేసినట్టే రెండు సీసాల్లో పాత నీళ్లూ కొత్త నీళ్లూ పట్టి, సబ్బు ముక్కలు వేసి గిలక్కొట్టాను. పాత నీళ్లు పాలు విరిగినట్టయ్యాయి. కొత్త నీళ్ల సీసా మూతి దాకా నురగ లేచింది. అత్తమ్మ ఆ సీసాను ఎండలోకి ఎత్తిపట్టి చాలాసేపు చూసింది. ఉద్యోగం వచ్చిన రోజు కూడా నాకు అంత గర్వం కలగలేదు.

మధ్యాహ్నం మా ఆయన బస్సు దిగి వచ్చాడు. స్నానం చేసి, తల తుడుచుకుంటూ అడిగాడు: "ఎవరు బిగించిండ్రు?"

నేను నోరు తెరిచేలోపే అత్తమ్మ అందుకుంది. "ఎవరేంది? మేమే!"

అతను నమ్మలేదు. ఆవిడ అతని చేయిపట్టి తీసుకెళ్లి ఒక్కో అతుకూ చూపించింది, ఏ పైపులో ఏ నీళ్లు పోతాయో తప్పు లేకుండా చెప్పింది. ఆ వారమే పక్కింటి అక్క వచ్చి, మాక్కూడా చేసిపెట్టమని అడిగింది. ఇద్దరం వెళ్లి బిగించి వచ్చాం. లోపల పేరుకున్న సున్నం పోవడానికి ఉప్పు పోసి, వాల్వు తిప్పి మిషను కడిగే పని ఇప్పుడు అత్తమ్మదే. నన్ను ముట్టనివ్వదు.